సెలూనాయన చేతి వణుకు

ఆ వీధిలో గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ కుర్చీలో కూర్చుంటూ అడిగే మొదటి మాట ఒకటే. "పడిందా?"

సెలూనాయనకు మందు చుక్క లోపల పడిందా అని. పడిందంటే నిశ్చింతగా మెడ వెనక్కి వాల్చేవాడు. పడలేదంటే, "సరే, పని చూసుకుని వస్తా" అంటూ జారుకునేవాడు.

మందు పడనిదే సెలూనాయన చెయ్యి నిలిచేది కాదు. పొద్దున్నే దువ్వెన పట్టుకుంటే అది అద్దానికి తగిలి టకటకలాడేది. వెనక గదిలోకి వెళ్లి గ్లాసు ఖాళీ చేసి వచ్చాడంటే అదే చెయ్యి బుద్ధిగా మాట వినేది. "మందే నా చేతికి బలం" అని మీసం మెలేసేవాడు.

"బలమేలెండి. అందుకేగా మా నాన్న గడ్డం పెంచుకుంటున్నాడు" అనేది భార్య.

వాళ్లింట్లోనే ఉంటున్న మామగారు రిటైరైన పోస్ట్‌మాన్. అల్లుడి కత్తి కింద మెడ పెట్టనని ఒట్టేసుకుని గుండెల దాకా గడ్డం పెంచి, సరిగ్గా సెలూన్ గుమ్మంలోనే కూర్చుని పేపరు చదివేవాడు. ఆయన్ని చూసి కొత్తవాళ్లు అటునుంచటే వెళ్లిపోయేవారు.

ఒకరోజు సెలూనాయనకు రోషం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా మందు మానేశాడు. మర్నాటికి ఒళ్లంతా చెమటలు, సబ్బు నురగలో చీమలు పాకుతున్నాయని గొడవ. అంతలోనే ఫిట్స్ వచ్చి కింద పడ్డాడు. మామగారే పేపరు విసిరేసి నలుగుర్ని పోగేసి ఆసుపత్రిలో చేర్పించాడు.

కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ కోప్పడింది. "ఇన్నేళ్లు తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపకూడదు. మమ్మల్ని అడగాలి కదా?"

"మానేస్తే మెచ్చుకుంటారనుకున్నానమ్మా."

ఆమె నవ్వాపుకుంది. "మెదడులో నెమ్మదించమనే మాటను అందుకునే గ్రాహకాలుంటాయి. ఆ పని రోజూ మందే చేసిపెడుతుంటే అవి మొద్దుబారాయి. పరిగెత్తమనే మాటను అందుకునేవేమో పెరిగాయి. మందు ఆగేసరికి అదుపు పోయింది. అందుకే వణుకు, ఫిట్స్."

"అంటే మందు నా చేతికి బలం కాదా?"

"వణుకు తెచ్చిందీ అదే, కాసేపు ఆపిందీ అదే."

"నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే" అన్నాడు మామగారు.

"నువ్వెప్పుడు చెప్పావు నాన్నా, ఊరికే గడ్డం పెంచావు" అంది కూతురు.

ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలతో వణుకు మెల్లగా తగ్గింది. చెయ్యి తిరగాలని సెలూనాయన వార్డులో బెలూన్లకు నురగ పూసి గీయడం మొదలుపెట్టాడు. మొదటిది ఢామ్మని పేలితే పక్క మంచం పేషెంటు దుప్పటితో సహా కిందికొచ్చాడు. ఇంటికి పంపేనాటికి బెలూన్లు పేలడం మానేశాయి, నర్సులు ఊపిరి పీల్చుకున్నారు.

తిరిగి సెలూన్ తెరిచిన రోజు మామగారు కుర్చీలో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "కానీ. ఎటూ ముసలాణ్ణే."

గడ్డమంతా పోయాక కూతురు వంగి చూసింది. "బుగ్గన నీకు సొట్ట ఉందా నాన్నా?"

"మీ అమ్మ దానికే పడిపోయింది" అన్నాడాయన, అద్దంలోంచి కళ్లు తిప్పకుండా.

చెయ్యి కుదిరింది గానీ మనసు చప్పబడింది. టీ తాగినా, కబుర్లు విన్నా గడ్డి నమిలినట్టే ఉండేది. "సంతోషాన్ని అందుకునే చోట కూడా గ్రాహకాలు తగ్గాయి. జ్ఞాపకాల చోటూ దెబ్బతింది. నిదానంగా కోలుకుంటాయి, ఓపిక పట్టు" అంది డాక్టరమ్మ. ఓపిక చాలక ఓ సాయంత్రం మందు షాపు దాకా వెళ్లాడు. మామగారు వెనకే వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏం అల్లుడూ, ఇద్దరికీ చెరో గ్లాసు చెబుతావా?" సెలూనాయన తలొంచుకుని ఇంటిదారి పట్టాడు.

కొన్ని నెలలకు, వాన పడుతున్న ఓ పొద్దున కరెంటు పనివాడొకడు గడ్డానికి వచ్చాడు. తనింట్లో లైటు వెలగట్లేదని వైరింగంతా విప్పి చూశాక, స్విచ్చే వెయ్యలేదని వాళ్లావిడ కనిపెట్టిందట. సెలూనాయనకు నవ్వు ఎక్కడినుంచి పొంగిందో, కత్తి పక్కన పెట్టి కడుపు పట్టుకున్నాడు. లోపల్నుంచి భార్య పరిగెత్తుకొచ్చింది, మళ్లీ ఫిట్సేమోనని.

పై వారం అతనే వచ్చాడు. "ఏంటి సంగతులు?" అన్నాడు సెలూనాయన. విన్నది పూర్తిగా మరిచిపోయాడు. కరెంటాయన మళ్లీ చెప్పాడు, ఈయన మళ్లీ అంతే నవ్వాడు. తన మాటకు అంతగా నవ్వే మనిషి ఇంట్లో కూడా దొరకలేదేమో, అతను గడ్డం పెరగకపోయినా రావడం మొదలుపెట్టాడు.