ఖాజా భాయ్ చుక్క మునిగింది

మొన్న పొద్దున పక్కింటి కోడలు మా అరుగు మీద కూర్చుని ఐరన్ గోలీల అట్ట చింపింది. ఆ వాసన ఇంత దూరం వస్తుందా అని మీరు అడగవచ్చు. నాకు వస్తుంది. వానలో నానిన మేకును నాలుక మీద పెట్టుకున్నట్టు నోరంతా తుప్పు రుచి అయింది, వెంటనే ఖాజా భాయ్ గుర్తుకొచ్చాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన మీద నాకున్న కడుపుమంట మాత్రం చల్లారలేదు.

సిద్దిపేట బజారులో నాది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం, గోడ అవతల ఆయనది పరుపులు కుట్టే దుకాణం. ఇద్దరిదీ ఓ నెగటివ్ రక్తమే. ఎక్కడో గాని దొరకని రక్తం ఒకే గోడకు అటూ ఇటూ ఎందుకుండాలి? ఎవరికి ఆపదొచ్చినా జనం నా దుకాణం దాటి ఆయన గడప తొక్కేవారు. తర్వాత ఆయనకు శాలువా కప్పిన ఫొటో తెచ్చి నా ముందే పెట్టేవారు. "లింగన్నా, అద్దం మంచిది ఎయ్యి. ఖాజా భాయ్ ఫొటో గిది" అనేవారు. వేసేవాణ్ణి. ఆయన నవ్వుముఖం తుడిచి తుడిచి నా చేతులు నొచ్చేవి. బడికి సరిగా పోకపోయినా దొరికిన పుస్తకమల్లా చదివి ఒంటి సంగతులు నేర్చుకున్నవాణ్ణి నేను. రక్తం గురించి ఆయనకేం తెలుసు?

ఒకసారి రక్తదాన శిబిరానికి ఇద్దరం వెళ్లాం. అక్కడి అమ్మాయి వేలు పొడిచి, నీలం మందునీళ్లలో ఒక్కో చుక్క వదిలింది. సత్తువున్న రక్తం మునగాలి. ఖాజా భాయ్ చుక్క రాయిలా అడుగుకు దిగింది. నాది సిగ్గులేకుండా పైనే తేలింది.

"అంకుల్, మీ రక్తంల ఐరన్ తక్కువున్నది. డాక్టర్‌కు చూపిచ్చుకోన్రి" అందా అమ్మాయి.

వరుసలో ఎవడో "లింగన్న ఫ్రేము గట్టిదే గని లోపల సరుకు లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఖాజా భాయ్ నవ్వలేదు. అది ఇంకా మండింది.

డాక్టరు రాసిచ్చిన గోలీలు నెలల తరబడి మింగాను. మళ్లీ వెళితే మళ్లీ తేలింది. ఆ ఉక్రోషంతో హోటల్లో కూర్చుని, గోలీ వేసుకుని చాయ్ గుటక వేస్తుంటే ఎదురుగా ఉన్న ఖాజా భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

"అరె లింగన్నా! రోజూ గిట్లనే మింగుతున్నవా?"

"మరెట్ల మింగాలె? ఉత్త నీళ్లతోని కడుపుల తిప్పుతది."

"చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనియ్యదు భాయ్. నిమ్మకాయ నీళ్లతోని ఎయ్యి, చాయ్ ఎన్కకు తాగు. నేను గూడ ఒకప్పుడు నీ లెక్కనే చాయ్‌తోని మింగి, రక్తం ఇయ్యవోతే వద్దంటే వాపస్ వచ్చినోణ్ణే."

నేను చదివిన పుస్తకాల్లో ఒక్కటీ ఈ మాట చెప్పలేదు. రాసినవాళ్లు మా బజారు చాయ్ తాగి ఉండరు!

కొన్ని నెలలకు చిన్నకోడూరు నుంచి ఒక రైతు ఖాజా దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. "మా బిడ్డకు కాన్పయింది, నెత్తురు ఆగుతలేదు" అంటూ ఏడ్చాడు. బజారంతా గుమిగూడింది. ఖాజా భాయ్ సూది పక్కన పెట్టి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"నేనియ్య. పోయినసారి ఇచ్చినకాంచి మెట్లెక్కితే దమ్మొస్తున్నది. మూడు నెలల గడువైతే అయింది గని పోయిన ఐరన్ ఇంక తిరిగి రాలే. డాక్టర్ ఆగుమన్నడు."

"గిప్పుడు గట్లంటే ఎట్ల భాయ్?"

"పక్కపొంటి లింగన్న ఉన్నడు. గోలీలు సక్కగ మింగుతుండు. తోల్కపో."

వెళ్లాను. నీలం నీళ్లలో నా చుక్క దిగుతుంటే కళ్లార్పకుండా చూశాను. తల్లీబిడ్డా బతికారు. ఆ తండ్రి నా చేతులు పట్టుకుని "ఖాజా భాయ్ పంపకపోతే ఏమైతుండెనో అన్నా!" అన్నాడు. చూశారా? రక్తం నాది, పేరు ఆయనది!

శాలువాల మీద కుళ్లు ఎప్పుడో పోయింది. ఈనాటికీ మండేది ఆ ఒక్క మాట మీదే. ఊరంతా చూస్తుండగా, ప్రాణం అరచేతిలో పెట్టుకొచ్చిన తండ్రి ముందు "నేనియ్య" అనగలగడం! ఆయన పోయాక జనం నా గడపకే వచ్చారు. ఒకామె తమ్ముడి కోసం వచ్చి కాళ్ల మీద పడబోయింది. పోయినసారి ఇచ్చిన రక్తంతో పోయిన సత్తువ నా ఒంటికి ఇంకా రాలేదని నాకు తెలుసు. కాదంటే అప్పటిదాకా సంపాదించిన పేరంతా పోతుందనీ తెలుసు.

"నాది ఇంక తయారు కాలే చెల్లె. నడువు, ఇంకొకర్ని దేవులాడుదాం" అన్నాను. ఆమెతో బస్సెక్కి గజ్వేల్‌లో ఇదే రక్తమున్న, నాకు తెలిసిన మాస్టారు ఇంటిదాకా వెళ్లి, ఆయన్ను దవాఖానకు పిలుచుకొచ్చాను. పని అయింది. కానీ ఆ మాట అన్నప్పుడు నా గొంతు వణికింది. ఖాజా భాయ్‌ది వణకలేదు.