పళ్ళ చీటీకి ఊరి పేరు

నా చిన్నప్పుడు సూరత్‌లో కొత్త మనిషి ఎవరు కనబడినా అందరూ మొదట అడిగే మాట ఒకటే, మీ గామ్ ఏది అని. పేరూ పనీ తర్వాత, ముందు ఊరు. ఇక్కడే పుట్టి ఇక్కడే తల నెరిసినవాళ్ళు కూడా ఆ మాటకు సూరత్ అని జవాబివ్వరు. తాతలు వదిలి వచ్చిన పల్లె పేరే చెబుతారు. మేమూ అంతే. మా నాన్న సూరత్ అంచున ఉన్న వడోద్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాడు, వాటిని మేం సాంచెలనేవాళ్ళం. అమ్మ ఇంట్లో కండెలు చుట్టేది. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. అయినా గామ్ అడిగితే సిరిసిల్ల పక్క పల్లె పేరు టకీమని చెప్పేదాన్ని. ఆ పల్లెలో మా ఇల్లు ఏ వైపుందో కూడా నాకు తెలియదు.

కండె చుట్టేటప్పుడు దారం తెగితే ముడివేసి కొసను పంటితో కొరకడం మా ఆడవాళ్ళందరి అలవాటు. కత్తెర వెతుక్కునేలోపు ఇంకో కండె నిండుతుందని అమ్మ అనేది. అలా కొరికీ కొరికీ ఆమె ముందుపళ్ళలో సన్నటి గాడి పడింది. ఒక ఎండాకాలం ఆ గాడి పక్క పన్నుకే చీము పట్టింది. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, ఎవరో చెప్పారని తంబాకు పొడి కూడా అద్దుకుంది. చెంప కంటిదాకా ఉబ్బింది. గంజి మింగలేక, జ్వరంతో వణుకుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కండెలు చుడుతూనే ఉండేది. అమ్మ నాకు దక్కదేమోనని ఆ రోజుల్లో నిజంగానే భయపడ్డాను.

మా వాడలో చిన్న దవాఖానా ఉండేది. జ్వరానికీ దగ్గుకూ తప్ప అక్కడ పంటికి వైద్యం లేదు. పళ్ళు చూసే కుర్చీ ఊరి నడుమ ఉన్న పెద్ద సర్కారు దవాఖానాలోనే ఉండేది. చుట్టుపక్కల వీధులవాళ్ళు తీరిగ్గా నడిచివచ్చి వరుసలో నిలబడేవారు. మాలాంటివాళ్ళం బస్సులు మారి చేరేసరికి చీటీలు అయిపోయేవి. నాన్న పని వదిలి రాలేడు. అమ్మా నేనే వెళ్ళాం. అదృష్టం కొద్దీ ఆ రోజు చీటీలు ఇంకా మిగిలే ఉన్నాయి. కిటికీ లోపలి గుమస్తా గామ్ ఏదని అడిగాడు. అమ్మ అలవాటుగా పల్లె పేరు చెప్పింది. అయితే పన్ను అక్కడే చూపించుకో, ఇక్కడ మా ఊరివాళ్ళకే చాలడం లేదు అన్నాడతను. అమ్మ తల వంచుకుని వెనక్కి తిరిగింది. దారి పొడుగునా నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది.

సంగతి విని పక్కింటి అక్క అగ్గిమీద గుగ్గిలమైంది. ఆమె కూడా కండెలు చుట్టేదే, కాని నోరున్న మనిషి. "ఏంది చిన్నమ్మా, గట్లెట్ల వాపస్ పంపుతడు? రేపు నేనొస్త. జర పొద్దుగాల్నే తయారుండు" అన్నది. మర్నాడు మొదటి బస్సుకే ముగ్గురం బయలుదేరాం.

దారిలో అక్క అమ్మకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది, గామ్ అడిగితే సూరత్ అనాలని. అమ్మ తలూపింది. తీరా కిటికీ ముందుకు చేరాక, గుమస్తా అడగ్గానే, మళ్ళీ ఆ పల్లె పేరే చెప్పింది! అక్క నెత్తి కొట్టుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గుమస్తా పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపాడు.

అక్క అతనితో పోట్లాటకు దిగలేదు. వెనక్కి తిరిగి, వరుసలో ఉన్న ముసలాయనను గుజరాతీలో ఎంతో మర్యాదగా అడిగింది, "తమారు గామ్ కయు?" అని, అంటే మీ ఊరేదని. ఆయన సూరత్‌లోనే కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టే మనిషి. అమ్రేలీ పక్క అని ఛాతీ విరుచుకుని చెప్పాడు. ఆయన వెనకామె గంజాం అంది. ఆ వెనకాయన జౌన్‌పూర్, ఇంకొకరు జల్‌గావ్. వరుస చివరిదాకా సూరత్ అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పుడు అక్క కిటికీలోకి వంగి, మరి మీదో అన్నా అని అడిగింది. భావ్‌నగర్ అనేశాడు గుమస్తా. అన్నాక నాలిక కరుచుకున్నాడు. వరుస మొత్తం గొల్లున నవ్వింది.

ఆ తర్వాత ఆమె హిందీలో అన్న మాటలను ఎన్నో ఏళ్ళపాటు మా మాటలోకి మార్చి చెప్పి నవ్వేది. "అయితే అన్నా, అందరం మన మన ఊర్లకు పోదాం పా. నువ్వు సుత కిటికి బంద్ జేసి బస్సెక్కు." నవ్వులు ఆగాక అక్కే అమ్మ నోటి మీది కొంగు తీసి గాడి చూపించింది. "ఇది మా పల్లెల పడ్డదా? నీ సూరత్ నూలు కొరికి పడ్డది. పండ్లు ఈడ అరగాలె, మందుకు ఆడికి పోవాల్నా?"

గుమస్తా చీటీ రాశాడు. ఇస్తూ మెల్లగా ఒక మాట అన్నాడు, ఇంత ఊరికీ ఉన్నది ఒక్క కుర్చీ బెహన్, నేను ఎవరిని ఆపాలో నువ్వే చెప్పు అని. అక్క చీటీ అందుకుని అమ్మను లోపలికి నడిపించింది. డాక్టరమ్మ చీము తీసి, పన్ను పీకి, ఇంకో రోజు ఆలస్యమైతే చాలా కష్టమయ్యేదని అమ్మను మందలించింది. ఆ సాయంత్రం అమ్మ గంజి తాగుతుంటే నేను పక్కనే కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశాను.

అక్క మాత్రం గుమస్తా మాట మరిచిపోలేదు. వారానికోసారి కరెంటు ఆపే సెలవుకు సాంచెలు ఆగిన ప్రతి రోజూ వాడలోని ఆడవాళ్ళను వెంటేసుకుని దవాఖానాలు చూసే సర్కారు ఆఫీసుకు వెళ్ళేది. మా దవాఖానాలో పళ్ళ కుర్చీ వేయండని అడిగేది. చూద్దామనేవారు. సరే, చూడండని చెప్పి మళ్ళీ వెళ్ళేది. నేను ఆమె కొంగు పట్టుకుని తిరిగాను, తర్వాత ఆమె పక్కన నిలబడి మాట్లాడాను. నాకు పెళ్ళయిన తర్వాత గాని ఆ కుర్చీ రాలేదు. వచ్చిన రోజు అందరూ అక్కనే మొదట కూర్చోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఒడిశా నుంచి కొత్తగా వచ్చి, దవడ పట్టుకుని గుమ్మం దగ్గర బెరుగ్గా నిలబడిన పిల్లను చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఏదో ఊరి పేరు చెప్పబోతే నోరు మూయించి, "పన్ను ఏడ నొస్తే అదే నీ గామ్ బిడ్డా" అన్నది.

ఇప్పుడు అక్క లేదు. నా కూతురు సూరత్ దాటాక వచ్చే కిమ్ అనే చిన్న ఊళ్ళో ఉంటుంది, అల్లుడిది అక్కడి ఫ్యాక్టరీలో పని. వాళ్ళ దగ్గరి సర్కారు దవాఖానాలో పళ్ళ డాక్టరు లేడు. మనవరాలికి పన్ను పుచ్చితే పిల్లకు బడి, తల్లికి పని మానిపించి సూరత్ దాకా తీసుకురావాల్సి వచ్చింది. సూరత్ పిల్లకు దొరికింది కిమ్ పిల్లకు ఎందుకు దొరకదని నాకు ఒళ్ళు మండింది. అక్కడి ఆడవాళ్ళను కూడగట్టుకుని ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. మోకాళ్ళు సహకరించవు, అయినా వెళ్తున్నాను.

మొన్న వెళ్ళినప్పుడు అక్కడి అధికారి, చిన్న కుర్రాడు, కళ్ళజోడు సవరించుకుంటూ నన్ను అమ్మా అన్నట్టు మా అని పిలిచి అడిగాడు, తమారు గామ్ కయు అని. పల్లె పేరు అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చింది. సూరత్ కూడా వచ్చింది. రెండూ మింగి, కిమ్ అన్నాను. అక్కడ కుర్చీ పడేదాకా ఎవరడిగినా అదే చెబుతాను.