కారుకి తలంటు

ఆ రోజుల్లో మా ఇంట్లో శుభ్రం అంటే నీళ్ళే. తుడవడం, దులపడం, విదిలించడం ఇవన్నీ బద్ధకస్తుల పనులని నా లెక్క. గుమ్మమైనా గిన్నెయినా గేదెయినా నాలుగు బిందెలు గుమ్మరించి ఒక పట్టు పడితే తప్ప నా మనసుకి కడిగినట్టు ఉండేది కాదు. (బడిలో నేనున్నది ఐదేళ్ళే. ఆ ఐదేళ్ళూ తరగతిలో పలకలన్నీ కడిగించింది మా పంతులుగారు నా చేతే.) ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఇంట్లో ఏది పగిలినా, ఏది పోయినా, చేసినవాళ్ళు నా ముందుకొచ్చి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా పొయ్యి మీదనుంచి అన్నం దిగేది కాదు. పిల్లలూ, పాలేర్లూ, ఆఖరికి మా ఆయనా ఈ చట్టానికి లోబడినవాళ్ళే. ఆ చట్టం నా మెడకే చుట్టుకుని వారం రోజులు నాకు ముద్ద దిగనివ్వని సంగతి ఇది.

కొబ్బరికి వరుసగా రెండేళ్ళు మంచి ధర పలికాక మా ఆయన కారు కొన్నారు. మీట నొక్కితే నాలుగు తలుపులూ వాటంతటవే తాళం పడే కారు మా ఊరికి అదే మొదటిది. దాన్ని నడిపింది నిదానం అన్నయ్య. అసలు పేరు వేరే ఉంది కానీ, ఎవరు తొందరపెట్టినా "నిదానం చెల్లెమ్మా, నిదానం" అనేవాడు గనక అదే పేరై కూర్చుంది. మా పుట్టింటి ఊరివాడు, వరసకి అన్న. ముందు ట్రాక్టరు, తర్వాత లారీ, ఆఖర్న మా కారు నడిపాడు. ముప్ఫై ఏళ్ళలో కోడిపిల్లని కూడా తొక్కని మనిషి. మోకాళ్ళు అరిగిపోయి లారీ ఎక్కలేని వయసులో మా కారు దొరికింది. ఆ స్టీరింగే వాళ్ళింటి అన్నం. ఆయన చేసుకున్న విలాసం ఒక్కటే, కారులో పాటల డెక్కు పెట్టించుకోవడం. దానికోసం స్టీరింగు కింద రెండు మూడు వైర్లు కోసి కలిపారు. మా ఆయనకి అది మొదటినుంచీ నచ్చలేదు.

ఆ ఏడు దసరాకి అన్నయ్య రెండు రోజులు ఇంటికి వెళ్ళాడు. ఆయుధ పూజకి కారు కడగాలి. రావులపాలెంలో మిషను పెట్టి కడిగేవాళ్ళున్నారని మా ఆయన అంటే, మన నూతిలో నీళ్ళుండగా, నాకు చేతులుండగా ఊళ్ళోవాళ్ళకి డబ్బులు పోయడం ఏంటని కసిరాను. ఆయన పొలం వెళ్ళగానే కొంగు బిగించాను. పైన కడగడం ఎవరైనా చేస్తారు. నేను నాలుగు తలుపులూ తీసి, పసుపు కలిపి వేపాకులు వేసిన నీళ్ళు బిందెలతో లోపల గుమ్మరించాను. బ్రేకు తొక్కే చోట మట్టి అట్టకట్టి ఉంటే చెంబుతో విసిరి విసిరి కొట్టాను. పెరడు కడిగినట్టు కొబ్బరి చీపురుతో నీళ్ళన్నీ బయటికి ఊడ్చి, మధ్యాహ్నం దాకా ఎండకి తలుపులు తీసి ఉంచాను. సాయంత్రం మా ఆయన చూసి "ఏంటే, కొత్త కారులా ఉంది" అన్నారు. "ఊరికే తుడిచాను" అన్నాను. (పొగిడించుకోవడం నాకు ఇష్టం ఉండదు. అంతే తప్ప ఆ మాటలో అప్పటికి దురుద్దేశం లేదు.)

నాలుగో రోజు పొద్దున్న, కారులో ఎవరూ లేకుండానే హారన్ మోగింది. పిల్లి ఎక్కిందనుకున్నాం. మర్నాడు మాడిపోయే ఎండలో అద్దం మీది వైపర్లు రెండూ లేచి ఊగడం మొదలుపెట్టాయి. ఆ మర్నాడు నిదానం అన్నయ్య లోపల కూర్చోగానే తలుపులు టక్కున తాళం పడి, ఎంత లాగినా రాక, అరగంట చెమటలు కక్కాక వాటంతటవే తెరుచుకున్నాయి. మా అత్తగారు దిష్టి అన్నారు. నిమ్మకాయలు కట్టాం. నిమ్మకాయ కట్టిన క్షణంలోనే లైట్లు వెలిగి హారన్ మోగేసరికి ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

మా ఆయన రాజమండ్రిలో కార్ల కరెంటు పనిచేసే ఆయనకి ఫోన్ చేశారు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడని అందరూ ఆయన్ని కరెంటు డాక్టరుగారనే పిలిచేవారు. ఫోనులో అవతలివాళ్ళు చెప్పింది గట్టిగా తిరిగి చెప్పడం మా ఆయనకి అలవాటు. నేను వంటింట్లో పులుసు కలుపుతూ వింటున్నాను. "బాడీ కంట్రోల్ మాడ్యూలా? అంటే ఏంటండీ... ఆహా, ఇంజను బుర్ర వేరు, ఒంటి బుర్ర వేరా... లైట్లు, హారన్, తాళాలు, వైపర్లు అన్నీ ఆ ఒక్క పెట్టె చెప్పినట్టు వింటాయా... పెట్టె మార్చాల్సిందేనా... ఎందుకు పోతుందంటారు? వైర్లు తప్పుగా కలిపితేనా... లేకపోతే లోపల నీళ్ళు పడితేనా? ఛ, నీళ్ళెందుకు పడతాయండీ, మా ఇంట్లో కారుని దేవుడి పటంలా చూసుకుంటాం!" నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఫోన్ పెట్టేసి మా ఆయన అరుగు మీద కూర్చున్న అన్నయ్య దగ్గరికి వెళ్ళారు. మామూలుగా "బావా, నువ్వు" అని పిలిచే మనిషి. కోపం వస్తే మాత్రం మర్యాద ఎక్కువవుతుంది.

"మీరు పెట్టించిన డెక్కు వల్లేనండీ ఇదంతా."

"నిదానం బావా. పెట్టె విప్పనీ."

"వారంలో కొత్త పెట్టె తెప్పిస్తాడట. ఆ రోజే పాతది మన ముందు విప్పించి చూద్దాం. వైర్ల తప్పని తేలితే మీరు తాళాలు అక్కడే ఇచ్చేసి బస్సెక్కండి."

"అలాగే" అన్నాడు అన్నయ్య. నావైపు ఒక్కసారి చూశాడు. నేను పులుసు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయాను. అది నిజంగానే మాడింది.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. రోజూ చెప్పేద్దామనే లేచేదాన్ని. తీరా నోరు తెరిచేసరికి, పగిలిన గ్లాసుకి మా ఆడపడుచు కొడుకుని ఎండలో నిలబెట్టింది, చిల్లు పడిన గంపకి పాలేరు చేత మూడుసార్లు ఒప్పించింది గుర్తొచ్చి నోరు మూతపడేది. ఏమో, వైర్ల వల్లే అయ్యుండొచ్చు కదా అని నాకు నేనే వకీలుని పెట్టుకునేదాన్ని. ఆ వెంటనే లారీ ఎక్కలేని ఆ మోకాళ్ళు కళ్ళ ముందు కదిలేవి.

రాజమండ్రి ప్రయాణం నాడు నేనూ వస్తానన్నాను. "నువ్వెందుకు?" అన్నారు మా ఆయన. "బేరం మీకు చేతకాదు" అన్నాను. బయల్దేరేముందు హారన్ వైరు పీకేస్తానని అన్నయ్య అంటే, "మీరింక ఒక్క వైరు కూడా ముట్టుకోవద్దండీ" అన్నారాయన. దాని ఫలితం జొన్నాడ వంతెన మీద తెలిసింది. సరిగ్గా నడి గోదావరి మీదకి వచ్చేసరికి హారన్ పట్టుకుంది. ముందు గడ్డి లారీ, వెనక బస్సు. తలుపులు తాళం పడ్డాయి, అద్దాలు దిగవు, వైపర్లు టపటపా కొట్టుకుంటున్నాయి. లారీ డ్రైవరు దిగివచ్చి అద్దం దగ్గర వంగి, "ఏంటండీ ఆ మోత? గోదాట్లోకి దిగమంటారా దారివ్వడానికి?" అని కేకలు. లోపల మా ఆయన చెప్పేది అతనికి వినపడదు. చేసేది లేక రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ఊళ్ళో ఎవరికీ తలవంచని మనిషి! ఆ దణ్ణం చూసి అన్నయ్య మా ఆయన వైపు తిరిగాడు. "నా డెక్కు వల్లే అయితే ఈ ముఖం మళ్ళీ చూపించను బావా" అన్నాడు. వెనక సీట్లో నేను కాళ్ళ కింది చాప వైపు చూస్తూ కూర్చున్నాను. దాని అంచున పచ్చగా ఒక మరక. చెప్పుకాలు తీసి దాని మీద పెట్టాను.

కరెంటు డాక్టరుగారు సన్నగా, కళ్ళద్దాలతో, నిజంగానే డాక్టరులా ఉన్నారు. ముందు బేటరీ తీగ ఊడదీశారు. స్టీరింగు కింది ప్లాస్టిక్ పలక విప్పి, లోపలికి దూరి పడుకుని, డెక్కు వైర్లు ఒక్కొక్కటీ టార్చి వేసి చూశారు. మేము ముగ్గురం బల్ల మీద పరీక్షాఫలితాలకి వచ్చినట్టు కూర్చున్నాం. "డెక్కు వైర్లు..." అని ఆగారు. అన్నయ్య జేబులోంచి తాళాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అంత అందంగా కలపలేదు కానీ, వీటితో ఇబ్బందేం లేదండి." అప్పుడు ఆయన చేతికి ఆ పెట్టె వచ్చింది. భోజనం డబ్బా అంత ఉంది, అంతే. దాని అడుగున ఎండిపోయి అతుక్కున్న వేపాకు ఒకటి. మూత విప్పితే లోపల రాగి గీతలన్నీ చిలుం పట్టి, మూలల్లో పసుప్పచ్చగా పేరుకుని ఉంది. డాక్టరుగారు గోరుతో గీకి వాసన చూశారు.

"ఇది పసుపండి" అన్నారు, నమ్మలేనట్టు.

మా ఆయన మెల్లగా అన్నయ్య వైపు తిరిగారు. "పండక్కి మీరు కాలవలో గాని కడిగారా?"

కోపంలో మా ఆయన మర్చిపోయారు గానీ, పండక్కి తను ఊళ్ళోనే లేనని అన్నయ్య ఒక్క మాట అంటే సరిపోయేది. అన్నయ్య తాళాలు బల్ల మీద పెట్టి, "నేనే కడిగుంటాను బావా. గుర్తులేదు" అన్నాడు.

అప్పుడిక నా వల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. "నేను కడిగాను. పసుపు నీళ్ళతో."

"పైనా?"

"లోపల."

"కారు లోపలా?"

"నాలుగు బిందెలు."

డాక్టరుగారు కళ్ళద్దాలు సర్దుకుని, రోగం పూర్వాపరాలు రాసుకునేవాడిలా చాలా మర్యాదగా అడిగారు. "చీపురు కూడా వాడారాండి?"

"వాడానండి."

"కొబ్బరి చీపురాండి?"

ముందు అన్నయ్య భుజాలు కదిలాయి. తర్వాత మా ఆయన నవ్వారు. కళ్ళలో నీళ్ళొచ్చేలా, బల్ల పట్టుకుని మరీ నవ్వారు. నేను నవ్వలేదు. పాత పెట్టె ఎండలో వడియంలా ఆరబెడితే పనిచెయ్యదా అని అడిగాను. దాంతో డాక్టరుగారు కూడా కళ్ళద్దాలు తీసేశారు.

కొత్త పెట్టె బిగించాక పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆ పెట్టెకి ఇది ఏ కారో, తాళం ఏదో తెలియదట, కంప్యూటరు తగిలించి నేర్పాలట. (కొత్త కోడలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు అనుకున్నాను. నేనైతే ఇంత ఓపికగా చెప్పేదాన్ని కాదు.) ఒక్కొక్కటే పరీక్ష చేశారు. లైట్లు వెలిగాయి, ఆరాయి. వైపర్లు లేచాయి, పడుకున్నాయి. తలుపులు చెప్పినప్పుడే తాళం పడ్డాయి. హారన్ నొక్కితేనే మోగింది. మా ఆయన బల్ల మీది తాళాలు తీసి అన్నయ్య చేతిలో పెట్టారు. క్షమించమనడం ఆయన వంశంలో లేదు. ముందు సీట్లో కూర్చుని, "బావా, నీ డెక్కులో ఏదైనా మంచి పాట ఉంటే వెయ్యి" అన్నారు. అంతే.

కడియం పూల తోటల దగ్గర మా ఆయన నీళ్ళు తాగడానికి దిగినప్పుడు అడిగాను, "నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"పండగనుంచి వచ్చి చాప ఎత్తగానే పసుపు వాసన కొట్టింది చెల్లెమ్మా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను. ఎంతకీ చెప్పేలా లేవని, నేనే చెప్పేశాను."

పాత పెట్టె నేను వదలకుండా తెచ్చుకున్నాను. మా వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఇప్పటికీ అడ్డం అదే. ఆ తర్వాత మా ఇంట్లో ఏది పగిలినా అన్నం వేళకే దిగింది. నిదానం అన్నయ్య పోయి ఆరేళ్ళవుతోంది. అంత నిదానం మనిషి, ఆ ఒక్క విషయంలోనే తొందరపడ్డాడు.

మొన్న దసరాకి మనవరాలు తన కరెంటు స్కూటరు కడుగుతానని పంపు గొట్టం పట్టుకొచ్చింది. వీధిలో మా ఆయన ఎందుకో దగ్గుతున్నారు. నేను గుడ్డ తడిపి, గట్టిగా పిండి, దాని చేతికిచ్చాను. "ఏం కాదు నానమ్మా, దీని మీద నీళ్ళు పొయ్యొచ్చు" అంది. కొంగు బిగించి బిందె ఎత్తిన ఆ పెంకిమనిషి, ఎవరి మాటా వినని ఆ నేను, ఒక్క క్షణం నూతి దగ్గర నిలబడి కనిపించింది. నవ్వొచ్చింది.

"నిదానం తల్లీ," అన్నాను, "నిదానం."