తెల్లగుడ్డల ఫొటో

ఆ ఫొటో ఇచ్చింది నేనే. ఇరవై మూడేళ్ళ కిందట చెప్పాల్సిన మాట ఇది. చెప్పలేదు.

అప్పుడు పలాసలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. లాటిన్ అమెరికా పాఠం వస్తే నాకు పూనకమే. ఛాతీనిండా పతకాలు తగిలించుకుని, పాటలు పాడేవాళ్ళకి కూడా భయపడి తుపాకులు పట్టిన అక్కడి సైనిక జనరల్స్‌ని ఉతికి ఆరేసేవాణ్ణి. అర్జెంటీనాలో ఉన్నవాణ్ణి పలాసలో తిట్టడానికి ధైర్యంతో పనేముంది?

మందస నుంచి బస్సులో వచ్చే రెండో సంవత్సరం అమ్మాయి గోడపత్రికకి ఏదైనా విషయం చెప్పమంది. నేను పేపర్లోంచి కత్తిరించి దాచుకున్న ఫొటో ఇచ్చాను. సైన్యం ఎత్తుకుపోయిన తమ బిడ్డలు ఏమయ్యారని అడుగుతూ, తలలకి తెల్లగుడ్డలు కట్టుకుని నడుస్తున్న అర్జెంటీనా తల్లులు. ఆమె దానికింద నాలుగు పేజీలు రాసి, పైన ‘అడిగితే తప్పా?’ అని పెట్టి వరండాలో అంటించింది.

మా కరస్పాండెంటుకి జీడిపప్పు ఫ్యాక్టరీ కూడా ఉంది. అక్కడ పప్పు ఏరే ఆడవాళ్ళు వెంట్రుకలు రాలకుండా తలకి తెల్లగుడ్డ కట్టుకుంటారు. ఆ వారమే వాళ్ళు మరుగుదొడ్డి కట్టించమని గేటు ముందు కూచున్నారు. ఆయన ఫొటో చూశాడు. కింద రాసింది చదవలేదు. కాలేజీ పెట్టాడే గాని, చదవడం ఆయన వల్ల కాని పని.

“ఏటిది? మన ఫేక్టరీ ఆడోల్ల ఊరేగింపు ఇక్కడంటించీసినారా?”

ప్రిన్సిపాల్‌కి అది ఏ దేశమో తెలుసు. “అవునండి” అన్నాడు.

అమ్మాయినీ నన్నూ కరస్పాండెంటు గదికి పిలిపించారు. “ఈ ఫొటో ఎవుడిచ్చినాడో సెప్పు.” ఆమె నావైపు చూసింది. నోరు మాత్రం విప్పలేదు. ఆయన నావైపు తిరిగాడు. “మాస్టారూ, మీ క్లాసు పిల్లే గదా. మీకేటైనా తెలుసా?”

నా ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది.

“నాకు తెలీదండి” అన్నాను.

ఆ తల్లులకి జనరల్స్ ఇచ్చిన జవాబు కూడా ఇదే. అంతకుముందు వారమే దాన్ని క్లాసులో వెక్కిరించాను.

ఆమె చేతిలో టీసీ పెట్టి పంపేశారు. నా కాగితం మీద సంతకం పడింది. జనవరి ఇరవయ్యారున ఆయన జెండా ఎగరేసి ప్రజాస్వామ్యం గురించి మాట్లాడితే, ముందు వరుసలో కూచుని చప్పట్లు కొట్టిన బానిసని నేను.

ఆమె డిగ్రీ అక్కడితో ఆగిపోయింది. కాశీబుగ్గలో ఒక ఫ్యాక్టరీలో పప్పు ఏరుతోందని తెలిసి, ఆ వీధి తప్పించుకుని తిరిగేవాణ్ణి. ఈ జూన్‌లో ఆమె కూతురు మా కాలేజీలో చేరింది. అప్లికేషన్‌లో తల్లి పేరు చూశాను. ఆ పిల్లకి అదే పాఠం ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అన్నాల వేళకి ఆ ఫ్యాక్టరీకి వెళ్ళాను. తెల్లగుడ్డల ఆడవాళ్ళు షెడ్డులో కేరేజీలు విప్పుతున్నారు.

“ఏటి సార్, ఇలాగొచ్చినారు? పప్పు కావాలా?” అంది ఆమె.

ఒక్కసారి పక్కకి రమ్మన్నాను.

“పక్కకెందుకు సార్? నన్ను గెంటీసినారని వీల్లందరికీ తెలుసు. ఇక్కడే సెప్పండి.”

మొదలుపెట్టాను. పక్కనున్న ముసలావిడ గిన్నె మీద మూత పెట్టి, “గట్టిగా సెప్పు బాబూ. పాఠాలు కూడా ఇలాగే గొణుగుతావేటి?” అంది.

గట్టిగానే చెప్పాను.

“ఆ ఫొటో ఇచ్చింది నేను. ఉద్యోగం కోసం తెలీదని అబద్ధమాడాను. నీ చదువు పోయింది నా వల్ల. నన్ను క్షమించమ్మా.”