ఉప్పు తడి

నా మాటల్లో ముప్పాతిక గాలేనని ముందే ఒప్పుకుంటున్నాను.

రామేశ్వరం దీవిలో ఆ చిన్న స్టేషన్ మా నరసరావుపేట ఇంటి వంటగదంత ఉంది; ఎదుట సముద్రం మాత్రం ఆకాశానికి కూడా చోటివ్వలేదు. మా బెంచీ మీదే కూర్చున్న ఒకాయన, మాచర్ల మిరప రైతట, ఆ నీళ్ళను చూసి మా ఆవిడతో అన్నాడు:

“ఏంది చెల్లెమ్మా ఇన్ని నీళ్ళు! మా చేనుకి ఒక్క తడి పెడితేనా!”

“ఉప్పునీళ్ళన్నయ్యా అవి!”

“మరీ మంచిది. కాయలోనే ఉప్పెక్కితే పచ్చట్లో వేరే వెయ్యక్కర్లా.”

మా ఆవిడ పడీపడీ నవ్వింది. బెంచీ ఊగితే, రైలొచ్చిందనుకుని జనం లేచారు. ఊరందర్నీ నవ్వించే నేను, పెళ్ళయినప్పటి నుంచి ఆమె పెదవిని ఒక్కసారీ కదపలేకపోయాను. ఆయన్ని చూస్తే కడుపు మండిపోయింది.

జనం లేచారన్నది నా కల్పన. ఆ నవ్వు మాత్రం కాదు. దాన్ని కల్పించడం నా చేతనైతే పాతికేళ్ళ కిందటే కల్పించేవాణ్ణి.