కనకాలపేట దొడ్లో అక్క శాలువా

బావగారు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసిన రాత్రే రైలెక్కాను. పొద్దున ఆరున్నరకి కాకినాడలో దిగేసరికి నడుం పడిపోయింది. తుంటి ఎముక ఆపరేషనైన అక్కని ఆసుపత్రిలో చూసి, సాయంత్రం బండికి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. ఏసీ గదిలో వణుకుతూ పడుకున్న అక్క రెండు పనులు అంటగట్టింది. ఇంట్లో అంచు దగ్గర ఆగిపోయిన పెద్ద ఊలు శాలువా అల్లి తేవాలి. బావగారికి పాలివ్వకుండా మొండికేసిన గేదె వట్టిపోకుండా చూడాలి.

తొమ్మిదింటి యానాం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారిలో కొన్న ఊలు ఉండ చూసి, ఖాళీ చేపల తట్టతో కూర్చున్నామె "యానాంలో ఊలేటండీ? ఉడికి చత్తంటేను!" అని నవ్వింది. నాకు నవ్వే ఓపిక లేదు.

యానాంలో దిగి, ఆటోలో కనకాలపేటలోని అక్కావాళ్లింటికి చేరాను. బావగారే వండి అన్నం పెట్టారు. "మీ అక్క రోజూ పాలు పితికే ముందు దాని పక్కనే కూకుని అల్లుకునేదమ్మా. ఇప్పుడు దూడనొదిలినా చేపట్లేదు, పొదుగులోకి పాలు దింపట్లేదు" అన్నారు.

అలవాటైన మనిషి లేనప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను. అక్క పాత చీర చుట్టుకుని, దొడ్లో గేదె పక్కన పీట వేసుకుని అల్లిక మొదలుపెట్టాను. ఒళ్లో శాలువా కుంపటిలా ఉంది. ఊలు ఉండని మేక నోట కరుచుకుపోయింది. కోళ్లు కాళ్ల సందుల్లో తిరిగాయి. గేదె నన్ను ఎగాదిగా చూసి కాలు విదిల్చింది. ఆ పూట చుక్క పాలు రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు సాయంత్రం నిద్రమత్తులో కుట్లు తప్పాను. చిన్నప్పుడు అక్క నేర్పినట్టు పైకే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. కాసేపటికి గేదె చెవులు వాల్చి కదలకుండా నిలబడింది.

"ఆపకమ్మా, చేపేత్తంది!" అంటూ బావగారు చెంబు పట్టుకుని పొదుగు దగ్గర చతికిలబడ్డారు.

మూడోనాడు మధ్యాహ్నం నేను బయల్దేరేటప్పుడు, ఆయన అదే చీర నెత్తిన కప్పుకుని, ఊలూ సూదులూ లేకుండానే ఒకటి, రెండు అనుకుంటూ దొడ్లోకి వెళ్లారు.

ఆసుపత్రిలో శాలువా కప్పగానే అక్క అడిగింది. "గేదె నా కోసం బెంగెట్టుకుందా?"

"నన్నే నువ్వనుకుందక్కా" అన్నాను.

అక్క మొహం చిన్నబోయింది. "అప్పుడే మర్చిపోయిందా?"

"మర్చిపోతే నీ చీర కట్టుకుని, నీలాగా లెక్కపెట్టాల్సిన పనేముంది?"

అక్క పేడ వాసన వేస్తున్న అంచుని ముక్కు దాకా లాక్కుని, దాంతోనే కళ్లు తుడుచుకుంది.

రాత్రి రైల్లో పై బెర్తు ఎక్కి వాలిపోయాను. యానాం వెళ్లినవాళ్లంతా గోదారి చూసొస్తారు. అన్ని పూటలుండీ నేను గట్టు వైపే వెళ్లలేదు. కళ్లు మూసుకుంటే కుట్లు కనిపించాయి. నోట్లో లెక్క నడుస్తూనే ఉంది, అక్క గొంతుతో.