ఎండగట్టిన చెరువు కోసం ప్రార్థన

మొన్న తల తిరుగుతోందని ఏలూరులో నాకు స్కానింగు తీయించినప్పుడు, తోడు వచ్చిన మా మేనకోడలు, అంటే మా అక్క కూతురు, ఆ నల్లటి ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, మావయ్యా, మీ బుర్రకి వయసు తప్ప మరే జబ్బూ లేదని నవ్వింది. ఆ అమ్మాయి మనసు జబ్బుల డాక్టరు. ఇంటికి వస్తూ దారిలో, దిగులు జబ్బు ముదిరి చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చేవాళ్ల మెదడుని కూడా ఇలాగే ఫొటోలు తీసి చూస్తున్నారనీ, వాటిల్లో కనబడే తేడాలు ఆడవాళ్లలో ఒక చోటా మగవాళ్లలో మరో చోటా ఉంటాయేమోనని వెతుకుతున్నారనీ, తేలవలసింది ఇంకా చాలా ఉందనీ, ఫొటో చూసి ఎవరి మనసులో ఏముందో మాత్రం ఎవరూ చెప్పలేరనీ అంది. నేను ఊఁ కొడుతున్నానే గానీ నా ధ్యాస అప్పటికే గుండుగొలను దాటి కొల్లేటి గట్ల మీదికి వెళ్లిపోయింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి ఆ జబ్బు రావడం నేను దగ్గరుండి చూశాను. ఒకరిది గుర్తుపట్టాను, ఒకరిది పట్టలేదు.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక షావుకారు దగ్గర గుమాస్తాని. అక్క క్రైస్తవ మిషను బళ్లో టీచరు. తమ్ముడు కొల్లేటి అంచున ఒక ఆసామి చేపల చెరువుకి కాపలా, మేత, నీళ్లు అన్నీ తానే చూసుకునేవాడు. రెండో కాన్పు తరవాత అక్క దిగులులో పడిపోయి, బిడ్డని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ, నాకు బతకాలని లేదని పైకే అనేసింది. అనేసింది కాబట్టే మేమంతా చుట్టూ చేరాం. మా చర్చి సంఘంలోని ఆడవాళ్లు వంతులేసుకుని తోడు పడుకున్నారు, బావగారు ఏలూరు తీసుకెళ్లి మందులిప్పించారు, మెల్లగా మనిషి తేరుకుంది. మా ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు చాప పరుచుకుని జరిపే ప్రార్థన కూటంలో, ప్రార్థనకి ముందు ఎవరి మనవి వాళ్లు చెప్పుకోవడం ఆనవాయితీ. అక్క తన వంతు రాగానే నా మనసు కుదుటపడాలండీ అని అడిగేది. మగవాళ్లం వానల గురించో, మోకాళ్ల నొప్పుల గురించో అడిగేవాళ్లం. మనసు అన్న మాట మగవాడి నోట ఆ చాప మీద నేనెన్నడూ వినలేదు, నా నోటితో సహా.

ఆ తరవాత ఒకటి రెండేళ్లకి తమ్ముడు మారిపోయాడు. వాడు ఏడవలేదు. కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేసేవాడు, ఇల్లు వదిలి చెరువు దగ్గర పాకలోనే ఉండిపోయేవాడు. పొగరెక్కిందనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే మార్కెట్టుకి వచ్చి ఉల్లిపాయల బస్తాల మీద కూర్చున్నాడు. ఏం పనిమీద వచ్చావురా అంటే, ఊరికే వచ్చానన్నయ్యా అన్నాడు. మధ్యాహ్నమైనా కదలడు. దిగుమతి కావలసిన లారీలు నిలబడి ఉన్నాయి, షావుకారు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అక్కంటే ఆడది, ఏడ్చింది. మగాడివి, నీకేం మాయరోగంరా?"

వాడు లుంగీకి అంటుకున్న ఉల్లిపొట్టు దులుపుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారాలు మాత్రం వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాడు. తన వంతు వస్తే, చెరువులో గాలాడట్లేదండీ, ప్రార్థన చేయండి అనేవాడు. మబ్బు పట్టిన రోజుల్లో నీళ్లలో గాలి చాలక చేపలు తెల్లారేసరికి పైకి తేలి నోళ్లు తెరుచుకుంటాయని మా వైపు అందరికీ తెలుసు. అందుకని మేమంతా ఆ చేపల కోసం మనసారా ప్రార్థించేవాళ్లం, అందరిలోకీ గొంతు పెద్దది నాదే. వారాలు గడిచాయి, చేపల పట్టుబడి అయిపోయింది, నీళ్లు తోడేసి చెరువు ఎండగట్టారు, అడుగు నెర్రెలు కూడా విచ్చింది. ఆ శుక్రవారం కూడా వాడు అదే మనవి చెప్పాడు. అలవాటులో అన్నాడనుకుని, లోపల నవ్వుకుని, కళ్లు మూసుకుని నేనూ ఎప్పటిలాగే మొదలుపెట్టాను. సగంలో గాజుల చప్పుడై కళ్లు తెరిస్తే, అక్క లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి వాడి పక్కన కూర్చుంటోంది.

"చెరువు ఎండగట్టేశారు కదరా తమ్ముడూ. ఎవరికిరా గాలాడట్లేదు?"

వాడు తల వంచుకునే అన్నాడు.

"నాకే అక్కా. గట్టు మీద కూర్చుంటే, ఇంక ఇంటికి రాకుండా పోతే బాగుండుననిపిస్తోంది."

అలా అనకూడదని అక్క అనలేదు. నాకూ అలాగే ఉండేదిరా అని వాడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నా ప్రార్థనకి ఆమెన్ చెప్పినవాళ్లు లేరు.

మర్నాడు ఏలూరు బస్సులో వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని అటు అక్క, ఇటు నేను. తేరుకోవడానికి చాలా కాలం పట్టింది, అన్నాళ్లూ అక్క వాణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుంది. ఒకసారి ధైర్యం చేసి, ఆ రోజు మార్కెట్లో అన్న మాటకి క్షమించమన్నాను. ఉల్లిపాయల దగ్గరైతే కళ్లమ్మట నీళ్లొచ్చినా ఎవరూ ఎందుకని అడగరని వచ్చానన్నయ్యా అన్నాడు, చాలా మామూలుగా. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కొల్లేటి చెరువుల్లో గాలి కోసం రాత్రంతా నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి, తలలోపల ఏముందో చూసే మిషన్లు ఏలూరులోనే ఉన్నాయి. అక్క మాత్రం లేదు, పోయి మూడేళ్లు. శుక్రవారాలు కూడే ఆ చాపా లేదు. తమ్ముడు చెరువు పని మానేసి చాలా కాలమైంది, మనవలని ఆడించుకుంటున్నాడు. అప్పుడప్పుడు వాడి దగ్గర్నుంచి ఫోనొస్తుంది. ఏరా అంటే, ఊరికే చేశానన్నయ్యా అంటాడు. ఆ మాట వింటే నేను చేస్తున్న పని ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుంటాను.

"చెరువెలా ఉందిరా?"

"పర్లేదన్నయ్యా. గాలాడుతోంది."